ఉయ్యాల కట్టని ఇంటివాళ్ళు

పంకజాక్షిని ఆమె అత్త సుబ్బులమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒకే మాటతో పొడుస్తూ వచ్చింది: నడిచొచ్చిన పెండ్లికూతురు. పులుసులో ఉప్పు తగ్గితే ఆ మాట. ఇంటికి చుట్టాలొస్తే ఆ మాట. ఏమీ తోచని మధ్యాహ్నం తిన్నె మీద కాళ్ళు చాపుకొని వక్క నములుతూ, ఎవరూ వినకపోయినా, ఆ మాటే.

మా చిత్తూరు వైపు చాలా ఇళ్ళలో పెళ్ళికూతురు తన కాళ్ళతో పీటల దగ్గరికి రాదు. వెదురుగంపలో బియ్యం పోసి, అందులో ఆమెను కూర్చోబెట్టి, మేనమామలు ఎత్తుకొస్తారు. సొంత మేనమామ లేకపోతే తల్లి పుట్టింటి పేరున్నవాడు, వరసకు మామ అయ్యేవాడు ఎవడైనా వచ్చి గంపకు చెయ్యి వెయ్యాలి. పంకజాక్షి తల్లి ఒంటిగా పుట్టింది, ఆ వైపు మగదిక్కు లేదు. అందుకని పంకజాక్షి తన పెళ్ళిపందిట్లోకి తానే నడిచి వచ్చింది. ఎంత, నాలుగడుగులు. ఆ నాలుగడుగుల అలసట ఆమెకు ఎన్నటికీ తీరలేదు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మధ్యలో ఈవిడెవరు అంటారు. నా పేరు రంగనాయకి. తిరుపతిలో గుడి సేవ చేసుకునే ఇంట్లో పుట్టాను. నా నోరు మాత్రం ఏ సేవకూ పనికిరాదని మా అమ్మ అనేది. చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని, పంకజాక్షి కుట్టు నేర్పేది. గ్రీమ్స్‌పేటలో ఒకే ఇంట్లో చెరో వాటా. నడుమ గోడ ఒకటి ఉండేది గాని, మాటలకు అదేమీ అడ్డం కాలేదు.

పంకజాక్షి మనిషి ఇక్కడ, మనసు ఎక్కడో. సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగిపోయేది. పిల్లలు పిలిస్తే చాలా దూరం నుంచి వస్తున్నట్టు కాస్త ఆలస్యంగా తిరిగి చూసేది. "ఎక్కడికి పోయినావు?" అని నేనడిగితే "యాడికీ లేదక్కా, మా ఇంటికి" అనేది. ఆ ఇల్లు ఏ ఊళ్ళో ఉందో ఆమెకే తెలియదు.

ఆమె నాయన వరదయ్య కూతురి దగ్గరే ఉండేవాడు. వియ్యపురాలి నోటికి జడిసి పగలంతా మా వైపు తిన్నె మీద గడిపేవాడు. ఆయన పసివాడుగా ఉన్నప్పుడు ఏదో కరువు ఏడు తల్లి చెయ్యి పట్టుకొని ఊరు విడిచాడు. దారిలో తల్లి పోయింది. చిత్తూరుకు బెల్లం తోలుకొస్తున్న బండివాడొకడు పిల్లవాణ్ణి బెల్లం దిమ్మెల మధ్య కూర్చోబెట్టుకొని వచ్చి పెంచుకున్నాడు. ఏ ఊరు అంటే చెప్పలేడు. తల్లి పేరేమంటే అమ్మ. నోట్లో మిగిలింది ఇంటిపేరొక్కటే, అదీ పసినోటికి తిరిగినంత మటుకు.

ఆ పేరును లోకం ఎన్ని రకాలుగా రాసిందో. బడిలో అయ్యవారు పూదేటి అని రాశాడు. చిత్తూరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉన్న నాటి తమిళ గుమాస్తాల చేతిలో అది పూతేటి అయింది, వాళ్ళ లిపిలో ద, త రెండింటికీ ఒకటే అక్షరం. ఇంగ్లీషులోకి పోయి తిరిగొచ్చేసరికి పూడేటి. పంకజాక్షి శుభలేఖ అచ్చు వేసినవాడు మరీ ముచ్చటపడి పూదోట చేశాడు. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన' అంటారు. వీళ్ళకు గబ్బిలాలు వాలడానికి ఇల్లన్నా లేదు.

పంకజాక్షి ఈ పేర్లన్నీ ఒక తెల్లగుడ్డ మీద కుట్టేది, ఒక్కో పేరు ఒక్కో రంగు దారంతో. ఎవరి నోటన్నా, ఏ అంగడి బోర్డు మీదన్నా దగ్గరి పేరు కనిపిస్తే ఆ రాత కూడా గుడ్డ మీదికి ఎక్కేది. కాగితం మీద రాసుకోరాదా అని నేనడిగాను.

"రాస్తే మరిచిపోతానక్కా. కుడితే వేళ్ళు మరిచిపోవు," అంది.

ఎందుకు ఈ వెతుకులాట అని నేను వేరే అడగనక్కర లేకపోయింది. ఆమెకు ఒక్కతే కూతురు, వకుళ. పంకజాక్షికి అన్నదమ్ములు లేరు. రేపు వకుళ పెళ్ళికి గంప ఎత్తడానికి పంకజాక్షి పుట్టింటి పేరున్న మగవాడు కావాలి. "నా బిడ్డ నడవకూడదు," అని మాత్రం ఒకసారి చెప్పింది, బొత్తాం కుడుతూ, తలెత్తకుండా.

వరదయ్యను అడిగితే గుర్తులు చెప్పేవాడు. అయితే ఆయన గుర్తులన్నీ మధ్యాహ్నం కునుకులో వచ్చేవి. భోజనం చేసి తిన్నె మీద ఒరిగితే ఆయన ఇంటికి పోయేవాడు, లేచి వచ్చి మాకు కబుర్లు చెప్పేవాడు. "మెట్లు ఎర్రగుంటాయి మ్మా. ఆ మెట్ల మింద కూచుంటే కొండ నీడ వచ్చి కాళ్ళ మింద పడతాది. సల్లగుంటాది." ఒకరోజు పెరట్లో బావి ఉండేది, ఇంకోరోజు బావి పోయి పొన్నచెట్టు వచ్చేది. ఒకనాడు ఏనుగు కూడా వచ్చింది. కలకు సాక్ష్యం ఎవరిని అడుగుతాం? నేను నవ్వేదాన్ని. పంకజాక్షి మాత్రం కళ్ళు అరమూసుకొని వినేది, తానూ ఆ మెట్ల మీద పక్కన కూర్చున్నట్టు.

మారకుండా నిలిచిన గుర్తు ఒక్కటే. "మా ఇంట్లో ఉయ్యాల కట్టరు. బిడ్డను చాటలోనే పండబెట్టేది. ఉయ్యాల మాకు అచ్చిరాదు," అనేవాడు. ఈ మాట కలలో తెచ్చింది కాదు. పంకజాక్షిని ఆయన ఉయ్యాల లేకుండానే పెంచాడు. వకుళ పుట్టినప్పుడు పంకజాక్షి కూడా కట్టనివ్వలేదు. నడిచొచ్చినామె ఇంట్లో ఉయ్యాలకు కూడా గతి లేదా అని సుబ్బులమ్మ ఊరంతా చెప్పుకుంది. పంకజాక్షి జీవితంలో అత్తకు ఎదురు నిలిచింది ఆ ఒక్క విషయంలోనే.

ఇట్లా డెబ్బయ్యొకటి నుంచి సెలవు దొరికితే బస్సెక్కేవాళ్ళం. నేనెందుకు పోయేదాన్నంటే, ఇంట్లో కూర్చుంటే నా నోటికి పని ఉండదు. బస్సు కదిలితే పంకజాక్షి కిటికీకి తల ఆనించి నిద్రలోకి జారేది. మామిడితోటలు, రాళ్ళగుట్టలు, చింతచెట్ల నీడలు ఆమె మొహం మీదుగా పోతూ ఉండేవి. ఏ ఊరు వచ్చినా ముందు నేనే లేపాలి.

బంగారుపాళ్యంలో గోవిందయ్య అని ఒక తోట ఆసామి, పూడేటివారు. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, పళ్ళు కోసి పెట్టి, "మనం ఒకే ఇంటోళ్ళం, అనుమానమే లేదు," అని తేల్చేశాడు. ఇంత సులభమా అని నాకే అనుమానం వచ్చింది. తర్వాత తెలిసింది, ఆయనకు పెళ్ళీడు కొడుకున్నాడు. పంకజాక్షి చెల్లెలైతే ఆమె కూతురు మేనకోడలు, మేనరికం కుదుర్చుకోవచ్చు. పిల్ల ఇంకా ఆరో తరగతి అని చెప్పేసరికి ఆయన పళ్ళబుట్ట మెల్లగా తన వైపుకు లాక్కున్నాడు. "మాది వేరే పూడేటి మ్మా, మీది వేరే," అన్నాడు. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాను గాని, కాయలు పెట్టి చెట్టును వెనక్కి తీసుకున్నవాణ్ణి ఆయననే చూశాను.

నాయుడుపేటలో నూనె అంగడి ముకుందం మరీ మంచివాడు. ఆయన ఇంటిపేరు పూదేటి, అచ్చం బడి రాతే. పంకజాక్షి గుడ్డ తీసి ఆ పేరు వేలితో చూపించింది. ఆయన సిగ్గుపడుతూ నిజం చెప్పేశాడు. వాళ్ళ తాత కొన్న ఇంటి వాకిలి మీద ఆ పేరు చెక్కి ఉందట. ఊరివాళ్ళు అందరూ ఆ పేరుతోనే పిలుస్తుంటే, కాదని ఎంతమందికి చెబుతామని వాళ్ళూ ఒప్పేసుకున్నారట. ఆ ఇల్లు అమ్మినవాళ్ళు ఎటు పోయారో ఆయనకు తెలియదు. "ఇల్లు దొరికితే పేరు దొరుకుతాది సూడక్కా. మాకు పేరుండాది, ఇల్లే దొరకలేదు," అంది పంకజాక్షి తిరుగుబస్సులో.

డెబ్బయి నాలుగులో సంక్రాంతి దాటాక, తిరుపతిలో మా అమ్మను చూడటానికి పోయి, అక్కణ్ణుంచి చంద్రగిరి పోయాం. బస్సు దిగిన చోట ఒక పూల అంగడి. పలక మీద సున్నంతో రాసి ఉంది: పూతోట మునివెంకటప్ప, దండలు కట్టబడును. కింద ఒక యాభై ఏళ్ళ మనిషి అరటినారతో చామంతులు కడుతున్నాడు. చూపు ఎక్కడో ఉంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. మనిషి ఇక్కడ, మనసు ఎక్కడో. నాకు ఆ క్షణం వీళ్ళిద్దరూ ఒక తల్లి బిడ్డలేమో అనిపించింది. చిన్నగా నవ్వుకున్నాను కూడా.

పంకజాక్షి చెప్పిందంతా ఆయన విన్నాడు. కరువు, తల్లి, బెల్లం బండి, పేర్లు. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"మా అవ్వ ఒక మాట చెప్పేది," అన్నాడు చివరికి. "మా చిన్నతాత పెండ్లాము కరువులో బిడ్డనెత్తుకొని ఎటో పోయిందంట. మళ్ళీ రాలేదంట."

ఆ కరువులో ఎవరి ఇంటి నుంచి ఎవరు పోలేదు? నా నోటి చివరిదాకా వచ్చింది. అంతలో ఆయన నార కింద పెట్టి లేచాడు. పంచె సర్దుకొని, అంగడి వెనకే ఉన్న ఇంట్లోకి తొంగిచూసి పెళ్ళాన్ని పిలిచాడు. "ఏమే, నీళ్ళు తీసుకురా. మా చెల్లెలు వచ్చినాది."

పంకజాక్షి అక్కడికక్కడే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా నోరు మూసుకున్నాను, అది అరుదు.

ఇంట్లోకి పోయాం. నడవలో దూలానికి రెండు ఇనుప కొక్కేలు, వాటికి వేలాడుతూ ఉయ్యాల. పాతకాలం నాటి టేకు ఉయ్యాల, అంచుకు చిలుకలు చెక్కి ఉన్నాయి. అందులో ఆయన మనుమడు నిద్రపోతున్నాడు. తాతల కాలం నుంచి ఈ ఇంట్లో పుట్టినవాళ్ళంతా ఇందులోనే ఊగినారు అని ఆయన భార్య మురిసిపోతూ చెప్పింది. నేను పంకజాక్షి వైపు చూశాను. ఆమె ఉయ్యాలను చూసింది, చూపు తిప్పేసుకుంది. నీళ్ళు చాలా తియ్యగా ఉన్నాయంది. ఇంటికొచ్చి గుడ్డ మీద పూతోట అని ఎర్రదారంతో కుట్టింది. ఆ తర్వాత ఇంకో పేరు కుట్టలేదు. గుడ్డికన్నా మెల్ల నయం అనుకొని నేనూ ఊరుకున్నాను.

మరుసటి నెల వరదయ్యను తీసుకుపోయాం. మెట్లు ఎరుపు కాదు, నల్లరాయి. కొండ నీడ కాళ్ళ దాకా రాలేదు, వీధి అవతలే ఆగింది. ఆయన ఉయ్యాల పక్కన స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. ఉయ్యాల తాడు చేతికి అందుతుంటే పట్టుకున్నాడు. లాగాడు. అది కిర్రుమంటూ ఊగింది. ఇంకోసారి లాగాడు. ఇంటినిండా మరువం, దవనం వాసన. పెరట్లో ఎవరో పూలకు నీళ్ళు చల్లుతున్నారు. అట్లా లాగుతూ లాగుతూ బిడ్డా నిద్రపోయాడు, ముసలాయనా నిద్రపోయాడు. ఆ నిద్రలో ఆయన ఏ ఇంటికి పోయాడో గాని, లేచాక మాకు కబుర్లేమీ చెప్పలేదు.

బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను. "పెద్దాయనా, మీ ఇల్లు ఇదేనా?"

"ఏ ఇల్లైతే ఏమి మ్మా," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఆ అబ్బోడు నన్ను పెదనాయనా అన్నాడు. నన్నెవరూ అట్లా పిలవలేదు."

పంకజాక్షి ముందు సీట్లో కూర్చుని ఉంది. వినింది. తిరగలేదు.

అప్పటి నుంచి మునివెంకటప్ప అన్ననే. ప్రతి పండక్కీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పూలు పంపేవాడు. చిత్తూరుకు చేరేసరికి అవి సగం వాడేవి, ఆ వాడిన పూలనే పంకజాక్షి మురిపెంగా పెట్టుకొని బడికి వచ్చేది. వకుళ పెద్దమనిషైనప్పుడు మేనమామ చీర తెచ్చి, మనిషి సిగ్గరి కాబట్టి, వాకిట్లో పెట్టి నిలబడ్డాడు. సుబ్బులమ్మ చీర అంచు వేళ్ళతో నలిపి చూసి, మొదటిసారి ఆ రోజంతా ఏమీ అనలేదు.

డెబ్బయ్యెనిమిది శ్రీరామనవమి రోజుల్లో వరదయ్య పోయాడు. మధ్యాహ్నం కునుకులోనే పోయాడు. ఇంటికి చేరుకొని ఇక రావద్దనుకున్నాడేమో. కబురందగానే మునివెంకటప్ప తన తమ్ముడు ధనంజయను వెంటబెట్టుకొని వచ్చాడు. కొడుకు లేని మనిషికి దాయాదే కొడుకు అన్నాడు. నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచాడు, కొరివి పెట్టాడు, తల గొరిగించుకున్నాడు. పదో రోజు కర్మ ముగిసేదాకా చిత్తూరుకూ చంద్రగిరికీ తిరుగుతూనే ఉన్నాడు. దుఃఖంలో పంకజాక్షికి తిథులూ వారాలూ పట్టలేదు.

అంతా అయ్యాక మునివెంకటప్ప భార్య మాటల్లో ఒక మాట అనేసింది. ఆమె దెప్పడానికి అనలేదు. చంద్రగిరిలో రాములవారి కల్యాణానికి దండలు కట్టేది తాతల నాటి నుంచి వాళ్ళ ఇల్లే. ఆ ఏడు కల్యాణం సరిగ్గా ఆ పది రోజుల్లో వచ్చింది. మైల పట్టినవాళ్ళు గుడి గడప తొక్కరాదు, దేవుని పువ్వు ముట్టరాదు. "తాతల కాలం నుంచి ఒక ఏడు తప్పిపోలేదు మ్మా. ఈ తూరి వేరేవాళ్ళు కట్టినారు. ఈయప్ప తిన్నె మింద కూచోని మేళం వింటా ఉన్నాడు. కండ్లలో నీళ్ళు కారతా ఉంటే తుడుసుకోను కూడా లేదు. పోయినాయన ఇంటికి పెద్ద, మైల మైలే అన్నాడు."

ఆ మాట పంకజాక్షిని తినేసింది. తన ఇంటివాడు కానివాడికి ఒక మనిషి మైల పట్టి, పుట్టినప్పటి నుంచి చేస్తున్న సేవను వదులుకున్నాడు. ఎందుకు? తాను ఉయ్యాలను చూసి చూపు తిప్పుకున్నందుకు. బడిలో పిల్లలకు గొలుసుకుట్టు చూపిస్తూ ఒకటే దారం మీద మళ్ళీ మళ్ళీ కుట్టేసేది.

మరుసటి ఏడు వకుళకు తిరుపతిలో సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టారు. "గంపకు మునివెంకటప్ప ఉండాడు కదా," అని సుబ్బులమ్మే అనింది. పంకజాక్షికి రాత్రింబవళ్ళు ఒకటే ఆలోచన. నేను తెగేసి చెప్పాను. "గమ్మునుండు. పెళ్ళి కానీ, తర్వాత చెప్పుకుందువు. ఇప్పుడు చెప్తే గంప ఎవరెత్తుతారు?"

"దేవుని దండ పోగొట్టినాను. గంప కూడా దొంగతనంగా ఎత్తించుకోనా అక్కా?" అంది.

పసుపు కుంకుమ పట్టుకొని ఇద్దరం చంద్రగిరి పోయాం. ఉయ్యాల్లో ఈసారి మనుమరాలు, కళ్ళు తెరవని పసిగుడ్డు. మునివెంకటప్ప తిన్నె మీద కనకాంబరాలు కడుతున్నాడు. పెళ్ళి మాటా, ముహూర్తమూ, సత్రమూ విని మొహమంతా వెలిగింది. పంకజాక్షి కుంకుమ భరిణె చేతిలోనే పట్టుకొని నిలబడింది.

"అన్నా, ముందు నీకొక మాట చెప్పల్ల."

"చెప్పు మ్మా."

"మా ఇంట్లో ఉయ్యాల కట్టరు. మా నాయనను చాటలోనే పండబెట్టినారంట. నన్నూ అంతే, వకుళనూ అంతే. మీ ఇంట్లో తాతల కాలం నుంచి ఉయ్యాల ఉండాది. ఒక ఇంటివాళ్ళకు రెండు ఆనవాయితీలు ఉండవు. నేను మీ ఇంటి ఆడబిడ్డను కాదన్నా."

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. చేతిలో నార ఉండగా అవి ఆగడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"ఎప్పుడు తెలిసినాది?"

"మొదట వచ్చిన దినమే. లోపలికి వస్తానే సూసినాను. నోరెత్తితే అన్న పోతాడని గమ్మునుండిపోయినాను. దానికి నువ్వు మైల పట్టినావు, దేవుని దండ పోగొట్టుకున్నావు."

"పెదనాయనకు తెలుసునా?"

"తెలుసు. ఆయన ఉయ్యాల ఊపింది నీ మింద ఆశతోనే."

మునివెంకటప్ప మళ్ళీ నార అందుకున్నాడు. పువ్వు పక్కన పువ్వు పెట్టి కడుతూ పోయాడు. లోపల ఉయ్యాల కిర్రుమంటోంది. చివరికి ఆయన అన్నదల్లా ఒకటే. "ఎండ దిగనీండి, అప్పుడు పోదురు. మజ్జిగ తాగండి."

భరిణె తిన్నె మీద పెట్టి వచ్చేశాం. ఎప్పుడు పోయినా ఆయన ఆకులో పూలు చుట్టి బస్సు దాకా వచ్చి ఎక్కించేవాడు. ఆ రోజు రాలేదు. బస్సు కదిలేదాకా పంకజాక్షి ఆ వీధి మొగ వైపే చూసింది. ఇంటికొచ్చి గుడ్డ తీసి, ఎర్రదారం ఒక్కో పోగూ ఊడదీసింది. దారం వచ్చింది గాని, సూది దిగిన రంధ్రాలు గుడ్డలో అట్లాగే ఉండిపోయాయి.

పెళ్ళినాడు తిరుపతిలో సత్రం. తెల్లవారింది. పొద్దున్నే ముహూర్తం. చంద్రగిరి నుంచి ఎవరూ రాలేదు. పంకజాక్షి భర్త గంగాధరం మెత్తని మనిషి, ఎవరినైనా నాలుగు మంచి మాటలు చెప్పి పిలుచుకొస్తానన్నాడు. సుబ్బులమ్మ గోడకు ఆనుకొని, "తల్లి మాదిరే బిడ్డ," అంది. అనేసి తానే తల దించుకుంది. అంతా అలంకరించుకొని కూర్చున్న వకుళ తల్లి చెయ్యి పట్టుకుంది.

"నేను నడిచే వస్తాను మా. నాకేమి, కాళ్ళుండాయి."

పంకజాక్షి బిడ్డ కాళ్ళ వైపు చూసింది. పారాణి పెట్టిన కాళ్ళు. ఆ మొహం నేను చూడలేక బయటికి వచ్చేశాను.

వీధిలో ఒక గంప నడిచి వస్తోంది. నిజంగానే నాకు ముందు గంపే కనిపించింది. చుట్టూ మల్లెలు, మధ్యలో దవనం, అంచంతా కనకాంబరాలు. దాని కింద మునివెంకటప్ప, వెనక ధనంజయ, బిడ్డనెత్తుకొని కోడలు. మొదటి బస్సు దొరక్క ఆలస్యమైందట. ఆయన గంప దించి, పంకజాక్షిని చూసి, నిన్న విడిచిన మాట ఈరోజు అందుకున్నట్టు అడిగాడు.

"బియ్యం యాడ మ్మా?"

వకుళను అన్నదమ్ములిద్దరూ ఎత్తుకొచ్చారు. మేళం మోగుతోంది. గంప పక్కనే పంకజాక్షి నడిచింది, కళ్ళు తుడుచుకోకుండా. సుబ్బులమ్మ మనుమరాలిని చూసి, గంపను చూసి, "గంప బాగుండాది," అంది. అంత చాలు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, ఒక ముసలామె నోరు కట్టి చూడమని ఎవరూ అనలేదు.

అయినా నా మనసులో ఒక మూల గుచ్చుతూనే ఉంది. ఆయన జాలిపడి వచ్చాడు. మంచివాడు, ఆడపిల్ల పెళ్ళి ఆగకూడదని వచ్చాడు. అంతేగదా అనుకున్నాను.

భోజనాల వేళ ఆయన మనుమరాలు ఏడుపు అందుకుంది. తల్లి ఊరుకోబెట్టలేక అవస్థ పడుతుంటే నేను ఒక చీర తెచ్చి, సత్రం దూలానికి వేసి ఉయ్యాల కట్టబోయాను. కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు టీచరమ్మా. మా ఇంట్లో ఉయ్యాల కట్టరు."

"ఎప్పటి నుంచి?" అన్నాను. నా నోరు ఊరుకోదు గదా.

"ఆ పొద్దు మీరు వచ్చి పోయినారే, ఆ పొద్దు నుంచి. మీరు బస్సు కాడికి పోతానే మామ లేచి ఉయ్యాల ఇప్పేసినాడు. కొక్కేలు కూడా పెరికేసినాడు. అత్త ఏడ్చినా వినలేదు. మైల పట్టినాక ఒక ఇల్లే, ఒక ఇంటికి రెండు ఆనవాయితీలు ఉండవు అన్నాడు. దీన్ని చాటలోనే పండబెడతా ఉన్నాము."

పంకజాక్షి సాంబారు బకెట్టుతో నా వెనకే నిలబడి ఉంది. బకెట్టు కింద పెట్టింది. ఎవరన్నా చూస్తారని లేకుండా నేల మీద కూలబడి, కోడలి చేతుల్లోంచి బిడ్డను తీసుకొని గట్టిగా ఏడ్చింది. పంక్తిలో కూర్చున్న మునివెంకటప్ప ఒకసారి ఇటు చూసి, మళ్ళీ తల వంచుకొని అన్నం కలుపుకున్నాడు. నాకు ఆ రోజు ఆ మనిషి ముందు నా చదువూ, నా నోరూ రెండూ చిన్నబోయినట్టు అనిపించింది. సంతోషంగానే అనిపించింది.

బియ్యం తీసేసిన గంప మూల ఉంది. పంకజాక్షి దానిలో మెత్తటి చీర పరిచి బిడ్డను పడుకోబెట్టింది. తలంబ్రాల పళ్ళెం మీద కప్పిన తెల్లగుడ్డ తెచ్చి కప్పింది. రంగురంగుల పేర్ల మధ్య, ఎర్రదారం ఊడదీసిన చోట రంధ్రాలు కనిపిస్తూనే ఉన్నాయి. వాడిన మల్లెల వాసనకో, అలవాటైన ఇంటి పూల వాసనకో, ఆ బిడ్డ వెంటనే నిద్రలోకి జారుకుంది. సాయంత్రం బస్సు వేళ దాకా లేవలేదు.